నీలం మూట నుంచి సబ్బు పొట్లం దాకా

పసుపు, పులుసు, మామిడి సొన, సిరా... బట్ట మీద పడే మరకలకు ఏదో ఒక కారణం ఉంటుంది. పిల్లాడు ఒలకబోశాడనో, వడ్డిస్తుంటే గరిటె జారిందనో సర్దుకుంటాం. ఉతకడానికి వేసిన సబ్బే మరక చేస్తే మాత్రం ఎవరిని అనాలో తెలియదు. ఈ మధ్య సబ్బు పాడ్‌లు వాడుతున్న ఇళ్ళలో ఈ మాట తరచూ వినిపిస్తోంది. మెషీన్ తలుపు తీస్తే తెల్ల చొక్కా భుజం మీద నీలం మచ్చ, చున్నీ అంచున జిగురు ముద్ద, నల్ల ప్యాంటు మడతలో ఎండిన ప్లాస్టిక్ పొరలాంటిది. కొత్త వస్తువు కదా, దీంతో వచ్చిన తంటా కూడా కొత్తదే అనుకుంటాం.

కానీ మన అమ్మమ్మలకు ఈ నీలం మచ్చలు బాగా తెలుసు. వాళ్ళు పాడ్ మొహం చూడలేదు గానీ నీలం మూట చూశారు. ఆ మూటతో మచ్చ పడకుండా ఉండటానికి వాళ్ళు పాటించిన పద్ధతే ఇవాళ ఈ పాడ్‌కీ సరిపోతుంది. బట్టల ఉతుకు కథంతా వెనక్కి వెళ్ళి చూస్తే కనిపించేది ఒకటే సూత్రం: మందు ముందు నీళ్ళలో కలవాలి, ఆ తర్వాతే బట్టకు తగలాలి. వస్తువు మారినప్పుడల్లా మనం ఈ సూత్రం మర్చిపోతాం. మరక పడ్డాక మళ్ళీ నేర్చుకుంటాం.

సబ్బు మన పల్లెలకు రాకముందు బట్టలకు చౌడే దిక్కు. చౌటి నేలల మీద ఎండాకాలం తెల్లగా పొంగే ఆ మట్టిలో సోడా ఉంటుంది. జిడ్డును విడగొట్టేది ఆ క్షారమే. రజకులు ఆ మట్టిని ఏరి తెచ్చి, చౌడు నీళ్ళలో బట్టలు ముంచి, బాన మీద పేర్చి, కింద మంట పెట్టి ఆవిరి పట్టించేవారు. దాన్నే ఉబ్బ వేయడం అనేవారు. తెల్లారాక రేవుకు తీసుకెళ్ళి బండ మీద ఉతికి జాడించేవారు. మా నాయనమ్మ చెప్పేది, చౌడును తెచ్చినట్టే బట్ట మీద వేయరట. నీళ్ళలో కలిపి, మట్టంతా అడుక్కి దిగాక, పైన తేరుకున్న నీళ్ళే వాడతారట. మట్టి తగిలితే బట్ట ఎర్రబారుతుంది కదా మరి!

పట్టుబట్టలకు కుంకుడుకాయ వాడినప్పుడూ ఇదే పద్ధతి. కాయలు కొట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, పిసికి, ఆ రసాన్ని పల్చటి గుడ్డలో వడకట్టి అప్పుడు చీర ముంచేవారు. కాయ తొక్కు చీరకు అంటుకుంటే గోధుమరంగు మచ్చ మిగులుతుంది. తలంటుకి పెద్దగా వడకట్టని వాళ్ళు కూడా పట్టుచీర దగ్గర మాత్రం వడకట్టేవారు.

బట్ట మీద కావాలని వేసే మరక కూడా ఒకటి ఉండేది. ఊరందరి బట్టలూ ఒకే బానలో ఉడుకుతాయి. ఎవరివి ఎవరివో తెలియాలి. అందుకు నల్లజీడి గింజ రసంతో బట్ట మూలన చిన్న గుర్తు పెట్టి, సున్నం అద్దేవారు. ఆ నలుపు ఎన్ని ఉబ్బలు వేసినా పోదు. ఇంగ్లీషులో ఆ గింజకు పేరే గుర్తులు వేసే గింజ అని. ఏ మరక పోతుందో, ఏది పోదో ఇంతకంటే బాగా తెలిసినవాళ్ళు ఎవరుంటారు? ఆ విద్యంతా చేతుల్లోనే ఉండేది, ఏ పుస్తకంలోనూ రాసి పెట్టుకున్నది కాదు. దానికి ముట్టిన ప్రతిఫలం పంట కళ్ళంలో కొలిచిన కాసిని గింజలు. తెలంగాణలో అయితే దొరల ఇళ్ళకు వెట్టి కింద ఉత్తినే చేయాల్సి వచ్చేది. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తన పంట దక్కించుకున్న చాకలి ఐలమ్మ ఆ వెట్టి లోకం నుంచే వచ్చింది. మనం ఇవాళ పెట్టె మీద చదివి తెలుసుకునే సంగతులు ఒకప్పుడు ఎవరి వీపు మీద బరువుగా ఉండేవో ఒక్కసారి తలచుకుంటే మంచిది.

ఇక నీలం సంగతికి వద్దాం. తెల్ల నూలు బట్ట ఎంత బాగా ఉతికినా కొన్నాళ్ళకు పసుపు తిరుగుతుంది. చెమట, జిడ్డు, మిగిలిపోయిన సబ్బు, ఎండ అన్నీ కలిసి ఆ రంగు తెస్తాయి. ఆ పసుపు మీద లేతగా నీలం ఛాయ పడితే కంటికి రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బట్ట తెల్లగా కనిపిస్తుంది. నిజానికి బట్ట శుభ్రపడదు, మన కన్ను మోసపోతుంది. ఈ చిట్కా చాలా దేశాల్లో తెలుసు. ఐరోపాలో నీలిమందును గంజిపొడితో కలిపి చిన్న బిళ్ళలుగా అమ్మేవారు. ఆ నీలిమందు మన నేలదే. పంతొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రాజధానిలో నీలిమొక్క ఎక్కువగా పండిన చోట్లలో కడప, నెల్లూరు జిల్లాలు ఉన్నాయి. అందుకే కాబోలు, తర్వాత వచ్చిన రంగుపొడి వేరే పదార్థమైనా మనవాళ్ళు దాన్ని కూడా నీలిమందు అనే పిలిచారు.

ఆ వేరే పదార్థం కథ తమాషాగా ఉంటుంది. అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ కొండల్లో దొరికే నీలపురాయిని నూరి, ఐరోపా చిత్రకారులు ముదురు నీలం తీసేవారు. ఆ రంగు ధరను బంగారంతో పోల్చేవారు. 1824లో ఫ్రాన్స్‌లోని ఒక పరిశ్రమల సంఘం, ఈ నీలాన్ని చవగ్గా తయారు చేసే దారి చూపినవారికి 6,000 ఫ్రాంకులు ఇస్తామని ప్రకటించింది. 1828లో ఆ బహుమతి జాన్ బాటిస్ట్ గిమే అనే ఫ్రెంచి రసాయనవేత్తకు దక్కింది. అదే ఏడాది జర్మనీలో గ్మెలిన్ అనే పండితుడు కూడా తన పద్ధతి బయటపెట్టాడు. తెల్ల బంకమన్ను, సోడా, గంధకం, బొగ్గు కలిపి బట్టీలో కాల్చడమే అందులో ఉన్న కిటుకు. రాజులూ మఠాలూ డబ్బు పోసి బొమ్మలకు వేయించుకున్న నీలం, ఒక్క తరం గడిచేసరికి చాకిరేవుకు వచ్చేసింది!

ఇంగ్లండులోని హల్ పట్టణంలో 1840లో గంజిపొడి వ్యాపారం మొదలుపెట్టిన ఐజాక్ రెకిట్ కంపెనీ, 1850ల్లో బట్టల నీలం అమ్మకంలోకి దిగింది. గంజీ నీలమూ జంట సరుకులు కదా, గంజి కొనేవాళ్ళు నీలమూ కొంటారని లెక్క వేసి ఉంటారు. ఆ కంపెనీ నీలం సీమసరుకుగా దేశదేశాలకూ వెళ్ళింది. మన కిరాణా కొట్లలో కనిపించే రాబిన్ బ్లూ ఆ సంస్థ వారిదే.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ఈ నీలం పొడి నీళ్ళలో కరగదు. ఉప్పు, పంచదార కరిగినట్టు మాయమైపోదు. సన్నటి రేణువులుగా నీళ్ళలో తేలుతూ ఉంటుంది, కాసేపు కదపకపోతే అడుక్కి దిగుతుంది. గడ్డ ఏదైనా విడిపోకుండా బట్టకు తగిలిందా, అక్కడ చుక్క పడినట్టే. అందుకే మూట వచ్చింది. పాత పంచె ముక్కలో నీలం వేసి, గట్టిగా ముడి కట్టి, బకెట్ నీళ్ళలో ముంచి పిసికేవారు. గుడ్డ అల్లికలోంచి వచ్చేంత సన్నటి రేణువులే బయటికి వస్తాయి, గడ్డలు మూటలోనే ఉండిపోతాయి.

మా అమ్మ నీలం పెట్టే రోజు చూడాలి. ముందు దోసిట్లోకి నీళ్ళు తీసుకుని రంగు చూసేది. అరచేతి గీతలు లేత నీలంగా కనిపిస్తే సరిపోయినట్టు. బట్ట అప్పటికే రెండు నీళ్ళలో జాడించి, తడిగా ఉండాలి. పొడిబట్ట ముంచితే నీళ్ళు తగిలిన చోటల్లా ఒక్కసారిగా పీల్చేసుకుని చారలు పడతాయి. బట్ట ముంచే ప్రతిసారీ చేత్తో నీళ్ళు కలిపేది. ముంచిన బట్టను అలా వదిలేయకుండా వెంటనే విప్పి, దులిపి, మళ్ళీ ముంచి పిండేది. మడతల్లో నీలం పేరుకోకూడదని. ఇవన్నీ ఆవిడకు ఎవరూ కాగితం మీద రాసి ఇవ్వలేదు.

అమెరికాలో ఇంకో రకం నీలం ఉండేది. ప్రష్యన్ నీలం అనే, ఇనుము కలిసిన రంగును ద్రవంగా చేసి సీసాల్లో అమ్మేవారు. 1883 నుంచి అమ్ముడవుతున్న మిసెస్ స్టూవర్ట్స్ బ్లూయింగ్ ఆ కోవదే. దీనితో ఇంకో తిప్పలుంది. బట్టలో సబ్బు క్షారం మిగిలి ఉంటే ఈ నీలం విరిగిపోయి, అందులోని ఇనుము తుప్పు మచ్చగా మిగులుతుంది. తెల్లగా కనిపించాలని నీలం పెడితే బట్ట మీద తుప్పు పడటమన్నమాట! అందుకే సబ్బు పూర్తిగా పోయేదాకా జాడించాకే నీలం పెట్టమని ఆ కాలపు గృహిణుల పుస్తకాలు పదే పదే చెప్పేవి. మన మూట నీలానికి క్షారంతో గొడవ లేదు, పులుపంటేనే పడదు. నీలం ఎక్కువైతే నిమ్మరసమో వెనిగరో కలిపిన నీళ్ళలో జాడించే చిట్కాకు కారణం ఇదే. ఆమ్లం తగిలితే ఆ రంగు విరిగిపోతుంది.

మూటకు కాలం చెల్లించింది కేరళ నుంచి వచ్చిన చిన్న సీసా. 1983లో త్రిశూర్‌లో ఎం.పి. రామచంద్రన్ జ్యోతి లేబొరేటరీస్ పెట్టి ఉజాలా అమ్మడం మొదలుపెట్టారు. అది పొడి కాదు, నీళ్ళలో పూర్తిగా కలిసిపోయే ఊదారంగు ద్రవం. గడ్డలుండవు, అడుక్కి దిగదు, మూట అక్కర్లేదు. బకెట్టుకు నాలుగు చుక్కలు చాలు. నీలం చుక్కలతో విసిగిపోయిన మధ్యతరగతి ఇళ్ళలోకి అది ఎంత తేలిగ్గా వచ్చేసిందో మా వయసు వాళ్ళందరికీ గుర్తే. అయినా ఆ చుక్కలు కూడా నీళ్ళలోనే వేయాలి. సీసా తిన్నగా చొక్కా మీద వంపితే ఊదా మచ్చ తప్పదు.

ఈలోగా సబ్బు కూడా రూపం మార్చుకుంటూ వచ్చింది. లీవర్ సోదరుల సన్‌లైట్ సబ్బు పెట్టెలు 1888లో కలకత్తా రేవులో దిగాయి. సబ్బు బిళ్ళను బట్టకే రుద్దుతాం కాబట్టి దానికి మన సూత్రం వర్తించదనిపిస్తుంది. కానీ రుద్దేది తడిబట్టకే, పైగా చేయి ఎక్కడ రుద్దుతోందో కన్ను చూస్తూనే ఉంటుంది. 1959లో హిందుస్థాన్ లీవర్ వారి సర్ఫ్ పొడి వచ్చింది. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ తన ఇంటి దగ్గర పొడి తయారు చేసి, సైకిలు మీద తిరిగి అమ్మడం మొదలుపెట్టారు. అదే నిర్మా. దాని చవకదనం వల్లే పొడి సబ్బు మామూలు ఇళ్ళ దాకా చేరింది. అప్పుడు మనం నేర్చుకున్న వరస ఏమిటి? బకెట్లో నీళ్ళు పట్టి, పొడి వేసి, చేత్తో గిలక్కొట్టి, నురగ వచ్చాకే బట్టలు నానబెట్టడం. మళ్ళీ అదే సూత్రం.

వాషింగ్ మెషీన్ వచ్చి ఈ వరసను తిరగేసింది. బకెట్లో ముందు సబ్బు నీళ్ళు, తర్వాత బట్టలు. మెషీన్లో ముందు బట్టలు, తర్వాత సబ్బు. మరక పడకుండా మెషీన్ చేసినవాళ్ళు ఒక ఉపాయం పెట్టారు. సబ్బు వేసే ట్రే అదే. పొడి అయినా ద్రవం అయినా అక్కడ వేస్తే, లోపలికి వచ్చే నీళ్ళు దాన్ని కడుక్కుంటూ, కలుపుకుంటూ డ్రమ్ములోకి తీసుకెళతాయి. అంటే మా అమ్మ చేత్తో నీళ్ళు కలిపిన పని ఆ ట్రే చేస్తోంది. పాడ్ మాత్రం ట్రేలో వేసేది కాదు, నేరుగా డ్రమ్ములో వేయాలి. పొడిబట్టల మధ్యకు గట్టి సబ్బును నేరుగా పంపిస్తున్నాం. మరక పడే దారి అక్కడే తెరుచుకుంది.

ఈ పాడ్ కూడా రాత్రికి రాత్రి పుట్టలేదు. కొలవనక్కర్లేని సబ్బు చేయాలని కంపెనీలు చాలా కాలంగా చూస్తున్నాయి. అమెరికాలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీ 1960ల్లో సాల్వో అనే సబ్బు బిళ్ళలు అమ్మింది. అవి సరిగ్గా కరగవనే పేరు తెచ్చుకున్నాయి. 1970ల చివరికి ఆపేశారు. 1990ల చివర్లో ఐరోపాలో మళ్ళీ బిళ్ళలు వచ్చాయి. ఈసారి వాటితో పాటు చిన్న వల సంచీ ఇచ్చారు. బిళ్ళను ఆ సంచీలో పెట్టి డ్రమ్ములో వేస్తే, కరిగింది కరిగినట్టు వల సందుల్లోంచి బయటికి వస్తుంది, గట్టి ముక్క బట్టకు తగలదు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా అమ్మ పంచె ముక్క మూట సముద్రాలు దాటి ఐరోపా మెషీన్లోకి వెళ్ళినట్టు అనిపించింది!

తర్వాత ఆ మూట గుడ్డనే కరిగేలా చేశారు. పాడ్ పైన ఉండే పల్చటి పొర పేరు పాలీవినైల్ ఆల్కహాల్. 1924లో జర్మనీలో హెర్మన్, హెనెల్ అనే ఇద్దరు రసాయనవేత్తలు దాన్ని తయారు చేశారు. నీళ్ళు తగిలితే కరిగిపోవడం దాని గుణం. ఆసుపత్రుల్లో అంటువ్యాధి రోగుల బట్టలను ఎవరూ చేత్తో ముట్టుకోకుండా ఇలాంటి కరిగే సంచీల్లో మూటగట్టి నేరుగా మెషీన్లో వేస్తారు. పురుగుమందులను కూడా ఇలాంటి పొట్లాల్లో అమ్ముతారు. ఆ పొరలో సబ్బు ద్రవం నింపిన పొట్లాలు 2001లో ఐరోపా అంగళ్ళలోకి వచ్చాయి. 2012లో అమెరికాలో టైడ్ పాడ్స్ మూడు అరలతో, మూడు రంగులతో దిగాక వాటి వాడకం ఒక్కసారిగా పెరిగింది. అక్కడున్న మన పిల్లల ఇళ్ళలోనూ అవే. ఇప్పుడు మన నగరాల్లో పెద్ద దుకాణాల్లో కూడా దొరుకుతున్నాయి.

పొర నీళ్ళకు కరుగుతుంది కాబట్టి లోపల ఎక్కువ నీళ్ళుంటే పాడ్ తనకు తానే కరిగిపోతుంది. అందుకే మామూలు ద్రవ సబ్బులో సగం దాకా నీళ్ళుంటే, పాడ్‌లో దాదాపు 10 శాతమే ఉంటాయి. అంత చిక్కటి సబ్బు అన్నమాట. నాలుగు చుక్కలు బకెట్ నీళ్ళలో కలపాల్సిన ఉజాలాను చొక్కా మీద వంపితే ఏమవుతుందో, మడతలో ఇరుక్కున్న పాడ్ పగిలితే అదే అవుతుంది.

టెక్సాస్‌లో ఉన్న మా అమ్మాయి పోయిన చలికాలంలో ఫోన్ చేసి, "అమ్మా, ఆయన తెల్ల చొక్కాల మీద నీలం మచ్చలు పడ్డాయి. మెషీన్ పాడైందంటావా?" అంది. ఎలా వేశావే అని అడిగితే, "బట్టలన్నీ కుక్కేసి, పైన పాడ్ వేసి, చన్నీళ్ళు పెట్టి, క్విక్ వాష్ నొక్కానమ్మా" అంది. నాలుగు సంగతులూ ఒకే వాక్యంలో చెప్పేసింది. మెషీన్ బాగానే ఉంది. పాడ్‌కు నీళ్ళు అందలేదు, కరిగే వెచ్చదనం లేదు, తిరిగే చోటు లేదు, కరిగే టైమూ లేదు.

కాబట్టి వరస ఇది. డ్రమ్ము ఖాళీగా ఉన్నప్పుడే పాడ్ వేయాలి. ఫ్రంట్ లోడ్ అయితే వెనక్కి, టాప్ లోడ్ అయితే అడుగున. బట్టలు ఆ తర్వాత. అప్పుడు నీళ్ళు ముందు దానికే తగులుతాయి. బట్టల మీద వేస్తే అది మడతల్లోనో, తలుపు చుట్టూ ఉండే రబ్బరులోనో ఇరుక్కుంటుంది. డ్రమ్ము నిండా కుక్కకుండా, పైన బెత్తెడు ఖాళీ వదలాలి. దుప్పట్లు ఉంటే ఇంకా జాగ్రత్త, అవి పాడ్‌ను చుట్టేసుకుని తిరుగుతాయి. చలికాలం పంపు నీళ్ళు బాగా చల్లగా ఉంటే గోరువెచ్చటి నీళ్ళ మీద పెట్టుకోవాలి. పదిహేను నిమిషాల ఉతుకు దీనికి చాలదు. ముందు నానబెట్టే ప్రీవాష్ పెడితే పాడ్ ఆ నీళ్ళలోనే కరిగి పోతుంది, అసలు ఉతుక్కు సబ్బు మిగలదు. ఆ రోజుకు పొడి వాడుకోవడం మేలు. మన సెమీ ఆటోమేటిక్ మెషీన్లో అయితే ఇంకా సులువు. నీళ్ళు నింపి, పాడ్ వేసి, రెండు నిమిషాలు తిప్పి, పూర్తిగా కరిగాకే బట్టలు వేస్తే సరి.

పాడ్‌ను తడిచేత్తో తీయకూడదు. వానాకాలం డబ్బా మూత సరిగ్గా పెట్టకపోతే గాలిలో తేమకే పొరలు మెత్తబడి ఒకదానికొకటి అంటుకుంటాయి. విడదీయబోతే పగులుతాయి. బట్టలు తక్కువున్నాయని కత్తెరతో సగం చేయాలనే ఆలోచన అసలే వద్దు.

మరక పడితే ముందు గుర్తుంచుకోవాల్సింది, ఆ బట్టను ఎండలో ఆరేయకూడదు, డ్రైయర్‌లో వేయకూడదు, ఇస్త్రీ చేయకూడదు. తడిగా ఉన్నప్పుడు అది ఇంకా కరగని సబ్బే. గోరువెచ్చటి నీళ్ళలో కాసేపు నానబెట్టి, వేళ్ళతో మెల్లగా పాముతూ జాడిస్తే చాలావరకు పోతుంది. లేకపోతే సబ్బేమీ వేయకుండా, బట్టకు పనికొచ్చేంత వెచ్చటి నీళ్ళతో మెషీన్లో ఇంకోసారి తిప్పాలి. జిగురు ముద్ద ఉంటే గీకకుండా వెచ్చటి నీళ్ళకే వదిలేయాలి. మొండి మరకలకు వెలిగారం వేసే అలవాటు కొందరికి ఉంది. ఇక్కడ అది పనికిరాదు. వెలిగారం ఈ పొర పదార్థంతో కలిస్తే కరగడం మాట అటుంచి ఇంకా గట్టి జిగురవుతుంది. పిల్లలు ఆడుకునే స్లైమ్ చేసే పద్ధతుల్లో ఒకటి అదే.

ఇంట్లో పసిపిల్లలుంటే మరక సంగతి తర్వాత, ముందు పట్టించుకోవాల్సింది ఇంకోటి ఉంది. పాడ్ మెత్తగా, రంగురంగులుగా, జెల్లీ మిఠాయిలా ఉంటుంది. 2013, 2014, 2015 సంవత్సరాల్లో ఒక్కో ఏడాది అమెరికాలోని విష నివారణ కేంద్రాలకు ఐదేళ్ళ వరకు వయసున్న పిల్లల గురించి పది వేలకు పైగా కేసులు వచ్చాయి. నోట్లో కొరికితే చిక్కటి సబ్బు ఒక్కసారిగా గొంతులోకి పోతుంది. చేత్తో నొక్కితే చిమ్మి కళ్ళలో పడుతుంది. ఐరోపాలో 2015 నుంచి కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. పొరలో చేదు పదార్థం కలపాలి, డబ్బా లోపలిది కనిపించకుండా ఉండాలి, పిల్లలు తెరవలేనట్టు ఉండాలి. 20 డిగ్రీల నీళ్ళలో వేసినా కనీసం 30 సెకన్లు పొర నిలవాలి.

ఈ చివరి నియమం నన్ను ఆలోచనలో పడేసింది. బట్టకు మరక పడకూడదంటే పొర త్వరగా కరగాలి. పిల్లాడి నోట్లో మాత్రం త్వరగా కరగకూడదు. రెండూ ఒకే పొర చేయాలి. పొర కొంచెం ఆలస్యంగా కరిగేది మన పిల్లల కోసం కూడానని తెలిస్తే, బట్టలు వేసే ముందు పాడ్‌ను అడుగున పెట్టే ఓపిక మనకూ వస్తుంది. డబ్బాను మెషీన్ మీద కాకుండా ఎత్తైన అలమరలో, గడియ పెట్టి ఉంచాలి. పొరపాటున కంట్లో పడితే వెంటనే పంపు కింద పదిహేను ఇరవై నిమిషాలు కడగాలి. మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, డబ్బా చేత్తో పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

కొలత బాధ తప్పిస్తామని పాడ్‌లు వచ్చాయి, నిజంగానే తప్పించాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు, బరువైన సీసా ఎత్తలేని వాళ్ళకు, హాస్టల్లో ఉండే పిల్లలకు అవి సుఖమే. వాడొద్దని నేను చెప్పను. కాకపోతే కొలత పొట్లంలోకి వెళ్ళినా, వరస ఇంకా మన చేతిలోనే ఉంది. చౌడు తేట వంచిన రజకులకూ, దోసిట్లో నీలం రంగు చూసిన అమ్మలకూ తెలిసిన వరస అది. మీ ఇంట్లో ఉతికే పని అబ్బాయిది అయినా, అమ్మాయిది అయినా, ఆయనది అయినా, పాడ్ డబ్బా చేతికిచ్చేటప్పుడు ఈ ఒక్క మాట కూడా ఇవ్వండి: ముందు పొట్లం, మీద బట్టలు, చేతులు పొడిగా.